ఒరిషాలకు బదిలీ ఉత్తర్వులు

నైజీరియా యొరుబావాళ్లు ఒరిషాలని పిలుచుకునే దేవతల పాలనలో తరతరాలుగా పేరుకుపోయిన గందరగోళాన్ని చక్కదిద్దినందుకు ముందుగా రచయిత్రి టోమి అడెయెమిగారిని అభినందించాలి. ఒరిషాలు మొత్తం ఎంతమంది అని సంప్రదాయం తెలిసినవాళ్లని అడిగితే 401 అంటారు. ఆ చివరి ఒకటి ఎందుకయ్యా అంటే, రేపు ఇంకొకరు రావచ్చు కదా అంటారు. ఖాళీలు ఇలా అట్టే పెట్టుకుంటూ పోతే ఏ శాఖ బాగుపడుతుంది? 2018లో వచ్చిన ఆవిడ ఇంగ్లిష్ నవల 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' ఈ పంచాయితీని ఒక్క పట్టికతో తేల్చేసింది. పది వంశాలు, పది రకాల మంత్రశక్తులు, పదిమంది దేవతలు. పదిహేనేళ్ల పాఠకులకి కావలసింది కూడా అదే కదా. కథ మొదలవకముందే తమది ఏ వంశమో తేలిపోవాలి.

పట్టిక వేశాక బదిలీలు తప్పవు. ఓయా సంగతే చూడండి. గాలివానలు ఆవిడ సొంత శాఖ. యొరుబావాళ్లు నైజర్ నదిని ఓయా నది అనే పిలుస్తారు. అది చాలదన్నట్టు శ్మశానం గుమ్మం దగ్గర అదనపు బాధ్యత ఒకటి. ఒక్క మనిషికి (సరే, దేవతకి) ఇన్ని పదవులు ఏ నిబంధన ప్రకారం? నవల ఆవిణ్ణి పూర్తిగా చావుపుట్టుకల విభాగానికి పంపేసి, గాలిని అయావోకి అప్పగించింది. క్యూబా కథల్లో అయావో ఓయాకి చెల్లెలే కాబట్టి పదవి ఇల్లు దాటలేదని సరిపెట్టుకోవచ్చు.

ఓగున్‌ది ఇంకా సున్నితమైన ఫైలు. ఇనుము ఎక్కడుంటే ఆయన అక్కడ. కమ్మరి కొలిమిలో, మెకానిక్ షెడ్డులో, లారీ స్టీరింగ్ వెనకాల. దసరాకి బండి కడిగి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే మనవాళ్లకి ఈయన్ని వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. నైజీరియా కోర్టుల్లో బైబిలూ ఖురానూ వద్దనే సంప్రదాయ భక్తులు ఇనుము మీద ప్రమాణం చేసి సాక్ష్యం చెబుతారు. ఇంత పలుకుబడి ఉన్న దేవుడు ఒకసారి ఇరే అనే ఊరికి వెళ్లాడట. ఆ రోజు అక్కడ మౌనం పాటించే వేడుక. ఎవరూ పలకరించలేదు. కల్లు కుండలు చూస్తే ఖాళీ. అంతే, కత్తి దూసి సొంత జనాన్నే నరికాడు. తెలివొచ్చాక సిగ్గుపడి భూమిలోకి దిగిపోయాడు. పిల్లల పుస్తకంలో ఇదంతా ఎందుకు? పట్టికలో ఆయన పేరు పక్కన భూమి, లోహం అని మాత్రమే ఉంది. క్రమశిక్షణ చర్యల కాగితాలు ఎక్కడా కనబడవు.

భూగోళాన్ని కూడా ఇంతే చొరవతో సర్దారు. అసలు ఇలోరిన్ నైజీరియాలో సముద్రానికి చాలా దూరంగా, దేశం లోపల ఉన్న నగరం. నవలలో అది నీళ్ల మీద తేలే జాలరిపల్లె. ఎడారి ఊరైన ఇబేజీలో మాత్రం స్టేడియం నిండా నీళ్లు పోసి పడవల యుద్ధం పెట్టారు. నీటి కేటాయింపుల మీద ఏ రాష్ట్రమూ ట్రిబ్యునల్‌కి వెళ్లకపోవడం కల్పన మహిమ.

విద్యారంగంలోనూ సంస్కరణలే. ఇఫా అనే జోస్యవిద్య నేర్చే పూజారులు, అంటే బబలావోలు, 256 ఓదులనే అధ్యాయాలనీ, వాటి కింద వచ్చే అంతులేని పద్యాలనీ ఏళ్ల తరబడి బట్టీ పడతారు. ఇక్కడ పాత పత్రం ఒకటి ముట్టుకుంటే చాలు, శక్తి వచ్చేస్తుంది. కోచింగ్ సెంటర్లవాళ్లు దీని మీద ఓ కన్నేసి ఉంచాలి.

ఇక ప్రేమ. కథానాయిక జెలీ ఊరిని తగలబెట్టింది యువరాజు ఇనాన్ వెంట వచ్చిన సైనికులు. కొన్ని అధ్యాయాలు గడిచేసరికి జెలీ ఆ ఇనాన్ కళ్లలోకే చూస్తూ ఉంటుంది. ఇనాన్ చెల్లెలు అమారి ఏమో జెలీ అన్నని చూస్తూ ఉంటుంది. రాజ్యం తగలబడుతున్నా కుండమార్పిడి సంబంధం ఆగదన్నమాట. యువతరం ఫాంటసీ ఏ ఖండంలో పుట్టినా ఈ ఒక్క శాస్త్రం మాత్రం తప్పదు.

అయినా నేను ఐదు వందల పైచిలుకు పేజీలు వదలకుండా చదివాను. ఎందుకంటే జెలీ కళ్ల ముందే వాళ్ల అమ్మ మెడకి గొలుసు వేసి చెట్టుకి ఉరితీసిన ఘట్టం ఏ పట్టికలోనూ ఇమడదు. చేతిలో ఆయుధం లేని నల్లవాళ్లని అమెరికా పోలీసులు కాల్చిన వార్తలు తనతో ఈ కథ రాయించాయని చివర్లో రచయిత్రే చెప్పుకుంది. అక్కడ నా వెటకారం పనిచెయ్యలేదు.

పైగా బదిలీలు ఒరిషాలకి కొత్తా? మొదటి ఉత్తర్వు బానిసల ఓడలే ఇచ్చాయి. ఒక్క బ్రెజిల్‌కే 40 లక్షలకు పైగా ఆఫ్రికన్లని పట్టుకుపోయారు. వాళ్ల దేవతలు క్రైస్తవ సెయింట్ల పటాల వెనక తలదాచుకున్నారు. క్యూబాలో పిడుగుల దేవుడు షాంగో, అంత మగధీరుడు, సెయింట్ బార్బరా అనే ఆడ రూపంలో పూజలందుకున్నాడు. నైజీరియన్ తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన అడెయెమికి ఒరిషాలు ఎదురుపడింది కూడా బ్రెజిల్‌లోని సాల్వడార్‌లోనే. ఇంత తిరిగినవాళ్లని ఒక నవలా పట్టిక ఏం చేస్తుంది?

నా అభ్యంతరమల్లా ఒక్కటే. ఆ పదిమందిలో నదీదేవత ఒషున్ లేదు. నైజీరియాలో ఒషోగ్బో అనే ఊళ్లో ఉన్న ఆవిడ వనాన్ని యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఇక్కడేమో చోటు దొరకలేదు. ఇఫా కథల్లో ఇదివరకే ఇలాంటి తప్పు జరిగింది. లోకాన్ని చక్కబెట్టడానికి దిగిన పదహారుమంది మగ దేవతలు ఆడదానితో మనకేం పని అని ఒషున్‌ని సమావేశాలకి పిలవలేదు. వాన పడలేదు, పంట పండలేదు, పట్టిందల్లా మన్నయింది. అందరికీ పైవాడైన ఒలోదుమారే దగ్గరికి పరిగెత్తితే ఆయన చివాట్లు పెట్టి, వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోండి అన్నాడు.

కాబట్టి పట్టికని సవరించేవాళ్లెవరైనా ఉంటే ఒషున్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. ఆవిడకి తేనె ఇష్టం. కానీ ఒకసారి ఎవరో అందులో విషం కలిపారట, అప్పటినుంచీ ఆవిడకి అనుమానం. క్యూబా భక్తుల పద్ధతి ప్రకారం ముందు మీరు ఆ తేనె కాస్త నాకి చూపించాలి.