అనిక్ ఎఫ్2 గారికి, మొహం తిప్పుకున్న సందర్భంగా

అయ్యా కెనడావారి కమ్యూనికేషన్ ఉపగ్రహం అనిక్ ఎఫ్2 గారూ,

2011 అక్టోబర్ 6న తమరు చేసిన సూర్య నమస్కారం గురించే ఈ ఉత్తరం. ఇక్కడ మాకు దసరా, జమ్మిచెట్టు దగ్గరికి బయల్దేరే వేళ. అక్కడ కెనడా ఉత్తరాన ఇంకా తెల్లవారుతోంది. తమరికి పైన ఏదో తేడా చేసింది, వెంటనే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, భూమివైపు ఉన్న మొహాన్ని సూర్యుడివైపు తిప్పేసుకున్నారు. బ్యాటరీ దిగదు, మీ ప్రాణానికి ఢోకా లేదు. బాగుంది.

కింద ఆ ఉత్తరపు మంచు ప్రాంతం నునావుట్‌లో 25 ఊళ్లు, ఒకదాన్నుంచి ఇంకోదానికి రోడ్డు లేదు. మంచు కరిగిన ఆ కొద్ది రోజులు ఓడలొస్తాయి, మిగతా ఏడాదంతా పాల డబ్బా అయినా పేషెంటైనా విమానమే గతి. దూరం కబుర్లు మీ మీదుగానే నడవాలి కాబట్టి, మీ పుణ్యమా అని ఆ విమానాలూ ఆగాయి. దుకాణంలో సరుకులు కౌంటర్ మీద పెట్టి కార్డు గీకితే మిషన్ పలకదు, సరే నోట్లిద్దామంటే ఏటీఎం కూడా మీ చేతిలోదే! ఊళ్లో ఫోన్లు మాత్రం భేషుగ్గా పనిచేశాయి లెండి, అంటే కిటికీలోంచి కేకేస్తే పలికే పక్కింటాయనకి నిక్షేపంగా ఫోన్ చేసుకోవచ్చు, వందల కిలోమీటర్ల అవతలున్న డాక్టరుకి మాత్రం కుదరదు.

అక్కడి డిష్‌లను ఎప్పుడైనా గమనించారా? మీరుండేది భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల పైన కాబట్టి, అంత ఉత్తరాన్నుంచి చూస్తే నేలకి కాస్త ఎగువన ఎక్కడో ఉంటారు. పాపం అవి అప్పు తీసుకుపోయినవాడి కోసం వీధి చివరికి చూస్తున్నట్టు అటే చూస్తుంటాయి.

మీ వంశంలో ఇది కొత్తేం కాదు. 1994 జనవరిలో అంతరిక్ష వాతావరణం, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల దెబ్బకి అనిక్ ఈ1, ఈ2 ఒకే రోజు అదుపు తప్పాయి. ఈ1 గంటల్లో కోలుకుంది, ఈ2ని దారికి తేవడానికి నెలలు పట్టింది. దాంతో పెద్దవాళ్లకి జ్ఞానోదయం అయ్యుంటుందనుకుంటాం కదా, అయింది మరి: 2004లో దాదాపు ఆరు టన్నుల మిమ్మల్ని పైకి పంపి, ఇన్ని ఊళ్ల బరువు మీ ఒక్కరి నెత్తినే పెట్టారు. రెండో దారి వేయాలంటే ఖర్చు, జనం తక్కువ, గిట్టుబాటు కాదు. మిమ్మల్ని తిట్టి లాభం లేదని నాకూ తెలుసు, కానీ ఆ లెక్కలు వేసినవాళ్లకి రాస్తే జవాబు రాదు, మీరు నయం, మర్నాటికల్లా ఇటు తిరిగారు.

మళ్లీ అటు తిరగాలనిపిస్తే ముందు ఒక మిస్డ్ కాల్ ఇవ్వండి. అదీ మీ మీదుగానే రావాలనుకోండి.

ఇట్లు,
సిగ్నల్ ఉన్న ఊళ్లో ఉంటున్న ఒకడు