మంగళం పాడకుండనే మేళం ఎత్తేస్తే ఎట్ల?

2024 మే నెలలో అమ్మ కంటి ఆపరేషన్ ఉందని నల్లగొండ వెళ్లాను. మే నెల నల్లగొండ గురించి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. 13న లోక్‌సభ పోలింగ్. ఓట్లు పడ్డాయి, మెషీన్లు గదుల్లో పెట్టి సీలేశారు, లెక్కింపు జూన్ 4న. క్లాక్‌టవర్ సెంటర్‌లో చాయ్ తాగే ప్రతి మనిషి దగ్గరా ఒక మెజారిటీ అంకె ఉంది.

మా ఇంట్లో ఒకడు మాత్రం ఇంకో ఫలితం కోసం కాచుకుని కూర్చున్నాడు. మా చెల్లె కొడుకు, బీటెక్ రెండో ఏడు.

"మామా, సెకండ్ సీజన్ వస్తదా, రాదా?"

నేను అమెరికాలో ఉంటాను కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాడి నమ్మకం. నెట్‌ఫ్లిక్స్ పెద్దసారు టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో పక్కింట్లోనే ఉంటాడన్నట్టు అడుగుతాడు.

వాడడిగేది 'త్రీ బాడీ ప్రాబ్లమ్' గురించి. మార్చి 21న నెట్‌ఫ్లిక్స్‌లో ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి వదిలారు. చైనా రచయిత లియు సిషిన్ రాసిన మూడు నవలల కథ అది. మూడు సూర్యుల మధ్య నలిగిపోతున్న గ్రహం ఒకటి, అక్కడివాళ్లు మన భూమి మీదికి బయలుదేరతారు. వచ్చి చేరడానికి నాలుగు వందల ఏళ్లు పడుతుంది. మొదటి సీజన్ అయిపోయేసరికి వాళ్లింకా దారిలోనే ఉన్నారు. మా వాడి ప్రాణం కూడా దారిలోనే ఉంది.

వీడిది నెలకు 149 రూపాయల మొబైల్ ప్లాన్. రాత్రి స్లాబు మీద మంచమేసుకుని, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి, సౌండ్ తీసేసి, మొదటి ఎపిసోడ్ నుంచి సిరీస్ మళ్లీ ఆడించి పడుకుంటాడు. ఒకసారి నీళ్లకు లేచి చూద్దును గదా, అర్ధరాత్రి మంచం కింద నీలం వెలుగు. "లెక్కల పడాలె మామా" అన్నాడు నిద్రలోనే. హాస్టల్ దోస్తులు నలుగురికి కూడా ఇదే డ్యూటీ వేశాడట. మా ఊళ్లో ఓటు ఒకరికి ఒకటే. వీడు మాత్రం రోజూ రాత్రి ఒక ఓటు వేస్తున్నాడు.

అది పారుతుందా అంటే, నాకు నమ్మకం లేదు. నెట్‌ఫ్లిక్స్ బయటికి చెప్పే 'వ్యూస్' లెక్క తేలికే. జనం చూసిన మొత్తం గంటలను ఆ సిరీస్ నిడివితో భాగిస్తారు, అంతే. 2023 జూన్ నుంచి వారం వారం అదే అంకె ఇస్తున్నారు. కానీ నిర్ణయం ఆ అంకె మీద నడవదు. మొదలుపెట్టినవాళ్లలో చివరిదాకా చూసిందెందరు, మొదటి కొన్ని వారాల్లో చూసిందెందరు, దానికైన ఖర్చెంత అని చూస్తారు. ఇంట్లో జరిగే కథకు ఒక ఇల్లు, ఒక మెట్ల వరస, నాలుగు పట్టుచీరలు చాలు. సైన్స్ ఫిక్షన్‌కు మొదటి సీను తీయకముందే ఒక లోకం కట్టాలి. తీసినంక గ్రాఫిక్స్‌కు నెలలు పడతాయి. ఆ సందులో చూసినవాడు కథ మరిచిపోతాడు, నటులు వేరే పనుల్లో పడతారు, వాళ్లను మళ్లీ పట్టుకురావాలంటే రేటు పెరుగుతుంది. అందుకే ఒక మోస్తరుగా ఆడిన కుటుంబ కథ బతుకుతుంది, అంతే ఆడిన అంతరిక్షం కథకు మంగళం పాడేస్తారు.

'మంగళం పాడేశారు' అన్నాను గదా. మన పేపర్లలో రోజూ కనపడే మాటే. పథకం ఆపేస్తే మంగళం పాడారంటారు, బస్సు సర్వీసు తీసేస్తే మంగళం పాడారంటారు. కానీ ఆ మాట పుట్టిన చోట దాని అర్థం తలకిందులుగా ఉంటుంది.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఊరికి చిందు భాగోతం వచ్చేది. చిందు మేళానికి కొన్ని ఊళ్లు మిరాశి, తాతల నాటి హక్కు. ఏటా ఆ ఊళ్లకు వాళ్లే వస్తారు. వచ్చే ఏడు వస్తారా అని ఎవరూ అడగరు, వస్తారంతే. రాత్రి మొదలైన ఆట తెల్లారేదాకా సాగేది. పిల్లలం సగం ఆటకే గోనెసంచుల మీద పడి నిద్రపోయేవాళ్లం. తెల్లారుతుండగా నాయనమ్మ భుజం పట్టి కుదిపి లేపేది. ఆట చూడమని కాదు, మంగళహారతికి. వేషాలు చెమటకు కారిపోయి, గొంతులు బొంగురుపోయి, అయినా అందరూ నిలబడి హారతి పాడేవాళ్లు. అది పాడందే మేళం కదలదు, ఊరు లేవదు. వానొచ్చి ఆట మధ్యలో ఆగినా సరే, ఎవరింటి అరుగు మీదనో నిలబడి ఆ నాలుగు చరణాలు పాడి పోయేవాళ్లు. "కథ నడుమల ఇడిస్తె ఊరికి అరిష్టం బిడ్డా" అనేది నాయనమ్మ. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ తెల్లవారుజాము హారతి పళ్లెమే.

ఈ స్ట్రీమింగ్ కంపెనీలు మంగళం పాడకుండానే మంగళం పాడేస్తున్నాయి. నా పేచీ అక్కడ.

2022 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోనే '1899' అనే సిరీస్ వచ్చింది. ఓడ మీద నడిచే కథ, చివరి ఎపిసోడ్‌లో కథ మొత్తం బోర్లాపడి కొత్త ప్రశ్న లేస్తుంది. మూడు సీజన్లకని అల్లుకున్న కథ. 2023 జనవరి మొదటి వారంలో ఆపేశారు, అంటే ఆరేడు వారాల్లో. దీన్ని తీసిన జంట, ఇదే కంపెనీకి అంతకుముందు 'డార్క్' తీసి, మూడు సీజన్లలో ముడులన్నీ విప్పి చూపించినవాళ్లు. చెయ్యి తిరగకనో, కథ రాకనో కాదు. అమెజాన్‌లో 'ద పెరిఫెరల్' సంగతి ఇంకా చిత్రం. 2023 ఫిబ్రవరిలో రెండో సీజన్ ఉందన్నారు, ఆగస్టులో లేదన్నారు. హాలీవుడ్ సమ్మెలు సాకు. రెన్యువల్ కాగితం చేతికొచ్చినా గుండె మీద చెయ్యి వేసుకోవడానికి లేదన్నమాట.

జనం ఊరుకోరు, పోరాడతారు. ఆ చరిత్ర చాలా పాతది. 1968లో 'స్టార్ ట్రెక్' ఆపేస్తారని పుకారు వస్తే, దాన్ని వేసే ఎన్‌బీసీ ఛానల్‌కు ఉత్తరాల మూటలు పోయాయి. మూడో సీజన్ ఇచ్చారు, ఇచ్చి శుక్రవారం రాత్రి పది గంటలకు నెట్టారు. దాన్ని చూసే వయసు పిల్లలు శుక్రవారం రాత్రి ఇంట్లో ఉంటారా? 1969లో ఆగిపోయింది. 2007లో 'జెరికో' ఆపేసినప్పుడు అభిమానులు సీబీఎస్ ఛానల్ ఆఫీసుకు దాదాపు ఇరవై టన్నుల పల్లీలు పంపారు. కథలో ఒక పాత్ర 'నట్స్' అంటుంది, అందుకని. ఇరవై టన్నులు! మా పాలమూరు వైపు రైతుకు ఈ సంగతి చెబితే ముందు రేటెంత పడ్డదని అడుగుతాడు. పల్లీలకు ఏడు ఎపిసోడ్లు రాలాయి, అంతే. 2018లో 'ద ఎక్స్‌పాన్స్' కోసం ఏకంగా విమానానికి బ్యానర్ కట్టి అమెజాన్ స్టూడియో మీద తిప్పారు. ఆ నెలలోనే అమెజాన్ అధిపతి బెజోస్ స్వయంగా ఒక సభలో లేచి, నేను తీసుకుంటున్నా అన్నాడు. ఆరు సీజన్లు పూర్తయ్యాయి. అది గెలుపే, కాదనను. కాకపోతే దొరగారికి ముచ్చటైంది కాబట్టి ఆట సాగింది. దొరకు ముచ్చట కాని ఆటల మాటేమిటి?

ఇక్కడ నా చిన్నతనం సంగతి ఒకటి చెప్పాలి. 80లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో ఆ స్టార్ ట్రెకే వచ్చేది. మా వాడకు ఒకటే టీవీ, నలుపు తెలుపుది. ఒకడు మిద్దె మీద ఏంటెనా తిప్పుతుంటే కింద నుంచి మేం "వచ్చింది, పోయింది, వచ్చింది" అని అరిచేవాళ్లం. ఒక్క ఇంగ్లిష్ ముక్క అర్థమయ్యేది కాదు. చెవులు మొనదేలిన ఆయన దేవుడా రాక్షసుడా అని కొట్లాటలు. మేం చూస్తున్నది ఆగిపోయి పదిహేనేళ్లు దాటిన సిరీస్ అని మాకు తెలియదు. ఎన్నడూ లోటు అనిపించలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే తీరిపోయేది. ఎక్కడ ఆపినా గాయం కాదు. ఇప్పటి సిరీస్ అట్లా కాదు. ఎనిమిది గంటలూ ఒకటే కథ, దాని తోక వచ్చే సీజన్‌లో. తోక కోసం మనల్ని పట్టి ఉంచేదీ వాళ్లే, తోక కోసేదీ వాళ్లే.

అందుకే రెన్యువల్ కోసం నేను సంతకాలు పెట్టను. నేను అడిగేది వేరు. ముగింపు కోసం ఒక్క ఎపిసోడ్ డబ్బులు మొదటి రోజే పక్కన పెట్టండి. సిరీస్ ఆడితే ఆ డబ్బు మీకే మిగులుతుంది. ఆడకపోతే ఆ ఒక్క ఎపిసోడ్ తీసి, హారతి ఇచ్చి, దండం పెట్టి పొండి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. 2017లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లే 'సెన్స్ ఎయిట్' సిరీస్ ఆపేసి, జనం గోల చేస్తే 2018 జూన్‌లో రెండున్నర గంటల చివరి ఎపిసోడ్ ఇచ్చారు. ఇచ్చినందుకు కంపెనీ మునగలేదు. అలవాటు లేదు, అంతే.

నష్టపోయే సరుకు మీద ఇంకా డబ్బు పెట్టమంటావా అని ఒక ఫైనాన్స్ మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన లెక్క ఆయనది. నా లెక్క నేను చెప్పాను: మీ ఇంట్లో కొత్త సిరీస్ మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? "మొత్తం అయిపోయినంక చూద్దామని ఆగిన" అన్నాడు. నేనూ అంతే. దెబ్బలు తిని తిని, పూర్తయిందని రూఢి అయితే తప్ప మొదటి ఎపిసోడ్ ముట్టుకోవడం మానేశాను. మనలాంటోళ్లు ఆగినందువల్లే మొదటి వారాల్లో అంకెలు పడిపోతాయి, అంకెలు పడినందువల్లే ఆపేస్తారు, ఆపేసినందువల్లే మనం ఆగుతాం. సగం కథల శవాలు ఆ యాప్‌లో అట్లాగే వరసగా పడి ఉంటే కొత్త కథ గడప తొక్కడానికి ఎవడికి మనసొస్తుంది? ముగింపుకు పెట్టే డబ్బు దండగ అనుకుంటున్నారు గానీ, అది వచ్చే సిరీస్‌కు పెట్టే విత్తనం. దీన్ని లెక్కగట్టే కాలమ్ వాళ్ల షీటులో ఉందో లేదో.

మా వాడు మాత్రం ఆగే రకం కాదు. వాడికి ఇంకా దెబ్బలు తగల్లేదు.

ఒక సాయంత్రం వాణ్ని పానగల్లు తీసుకెళ్లాను. ఉదయసముద్రం చెరువు కట్ట మీద కాసేపు నిలబడి, ఛాయా సోమేశ్వరాలయానికి పోయాం. కందూరు చోడుల నాటి త్రికూటాలయం, మూడు గర్భగుళ్లు. ఒక గుడిలో లింగం వెనక నిలువునా ఒక నీడ, స్తంభం నీడలా. పొద్దు ఎటు తిరిగినా అది కదలదు. నేరుగా ఎండ పడక, అటూ ఇటూ నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో ఏర్పడే నీడ అది. మా వాడు గోడకు వీపు ఆనించి, చెయ్యి ఒకసారి ఇటు, ఒకసారి అటు అడ్డం పెట్టి చాలాసేపు చూశాడు.

"మూడు సూర్యులుంటే ఈ నీడ ఏమైతుండె మామా?"

నాకు జవాబు తోచలేదు. తొమ్మిది వందల ఏళ్ల కింద రాయి చెక్కినోడి పనితనం ముందు నిలబడి అట్లాంటి ప్రశ్న వేసే పిల్లగాణ్ని తయారుచేసింది ఒక సిరీస్. దాన్ని సగంలో ఆపితే పోయేది ఎనిమిది గంటలు మాత్రమే కాదనిపించింది. కావాలంటే నవలలు చదువుకోరా, కథ మొత్తం ఉంది అన్నాను. "చదువుత గని, గది వేరే ముచ్చట మామా" అన్నాడు. నిజమే, రామాయణం తెలిసినంత మాత్రాన భాగోతం చూడకుండా ఉన్నామా?

పోలింగ్ అయిన రెండు మూడు రోజులకే కబురు వచ్చింది. కథ పూర్తయ్యేదాకా తీస్తాం అని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. ఎన్ని ఎపిసోడ్లో, ఎన్ని సీజన్లో ఆ రోజు తేల్చలేదు గానీ, 'పూర్తి' అన్న మాట ఉంది. తర్వాత రెండో సీజన్, మూడో సీజన్ అని స్పష్టంగా చెప్పారు. పెరిఫెరల్ సంగతి నేను గుర్తుచేయబోయి, వాడి మొహం చూసి ఊరుకున్నాను.

వాడు మెట్లు దిగుతూనే ఇల్లంతా అరిచాడు. అమ్మ ముందుగదిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కళ్లు మూసుకుని, టీవీ సీరియల్ వింటోంది. డాక్టరు చూడొద్దన్నాడు గానీ వినొద్దనలేదు గదా అని ఆమె వాదన. ఆ సీరియల్ ఎపిసోడ్లు వెయ్యి దాటి చాలా కాలమైంది. దాన్ని ఎవరూ రెన్యువల్ చేయరు, ఎవరూ ఆపరు.

"ఏమైందిరా, ఎవలు గెలిచిండ్రు?" అంది.

"ఎలక్షన్ కాదు అమ్మమ్మా, మా సిరీస్. మొత్తం తీస్తరంట. వాళ్లు భూమి మీదికొస్తరు."

"ఎవలు?"

"ఏలియన్స్."

"ఎప్పుడొస్తరంట?"

"నాలుగు వందల ఏండ్లకు."

అమ్మ రిమోట్ తడిమి సౌండ్ కొంచెం పెంచింది.

"గప్పటికి ఈ పిల్ల పెండ్లన్న అయితదో కాదో" అంది.