స్క్విడ్ గుళికలు తినదు, చేపను మింగదు

విజయవాడ, గుంటూరు ఆక్వా రైతుల వాట్సాప్‌లో ఓ వీడియో తెగ తిరుగుతోంది. వెనామీ రొయ్యలు పట్టేశాక ఖాళీ చెరువులో, లేదంటే ఇంటి తొట్టెలో, కృష్ణా నీళ్లకు కళ్లుప్పు కలిపి స్క్విడ్‌లు (ఆక్టోపస్‌కు చుట్టాలైన సముద్ర జీవులు) వదలమంటోంది. రొయ్యల మేత గుళికలు చల్లితే చాలట, చేపలు వేస్తే గుటుక్కున మింగేస్తాయట.

మేత మాట ముందు చూద్దాం. రొయ్యలా అడుగున తడుముకుని తినే జీవి కాదిది, కళ్లతో వేటాడుతుంది. రొయ్య కదిలితే అటు తిరిగి, ఎనిమిది చేతులూ దగ్గరకు చేర్చి మొనలా ముందుకు పెడుతుంది. రెక్కలాడిస్తూ దూరం సరిచూసుకుని, రెండు పొడవాటి స్పర్శకాలు విసురుతుంది. దానికి సెకనులో 25వ వంతు చాలు. అడుగున పడిన గుళిక వైపు తిరగనైనా తిరగదు, ఆ గుళిక కుళ్లి అమ్మోనియా పెంచుతుంది.

చచ్చిన రొయ్యకు అలవాటు చేయొచ్చు, అదీ పెద్దవాటికే. మొదట బతికున్నవే వేయాలి, ఒంటి పొడవుకు మించకుండా. తర్వాత ఐసు రొయ్యను కరిగించి, సన్నని దారానికి కట్టి నీళ్లలో ఆడించాలి. ముట్టనిది గంటలోపు తీసేయాలి. అప్పుడే పొదిగిన పిల్లలకు ఈ తంటాలేవీ పనికిరావు, సజీవ కోపెపాడ్‌లు, మైసిడ్‌లే (రొయ్యల చుట్టాలైన బుల్లి జీవులు) కావాలి. కొద్దిరోజులు పస్తుంటే ఆ తర్వాత తిండి దొరికినా కోలుకోవు.

ఇక మింగడం. దాని అన్నవాహిక మెదడు మధ్యలోంచి పోతుంది! ముక్క పెద్దదైతే మెదడుకే దెబ్బ. అందుకే చిలుక ముక్కులాంటి నోటితో చేప తల వెనక కొరికి, చిన్న ముక్కలుగా కోసుకుని తింటుంది. తల, వెన్నెముక తరచూ వదిలేస్తుంది. తొట్టెలో వాటిని ఏరేయడం రోజువారీ పనే.

పెంచడమే కుదరదని కాదు. అమెరికాలో గాల్వెస్టన్ ప్రయోగశాలలో బిగ్‌ఫిన్ రీఫ్ స్క్విడ్ అనే రకాన్ని 7 తరాలు పెంచారు. కానీ ఆకలి తట్టుకోలేవు, పూట తప్పితే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి. ఒకే సైజువి ఒకచోట ఉండేలా వేరుచేయాలి. గోడలకు కొట్టుకుని ఒళ్లు చీరుకుపోతుంది కాబట్టి తొట్టె గుండ్రంగా ఉండాలి.

కళ్లుప్పు సంగతంటారా, దాంట్లో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. వెనామీ 5 పీపీటీలోనూ (వెయ్యి పాళ్ల నీళ్లలో 5 పాళ్ల ఉప్పు) బతుకుతుంది, స్క్విడ్‌లలో చాలా రకాలకు దాదాపు 30 ఉండాలి. పాచికి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసిన చెరువైతే స్క్విడ్ ఊసే ఎత్తొద్దు. నీళ్లలో కరిగిన రాగి కొద్దిపాటిదైనా చంపేస్తుంది.