దుప్పి గారూ, ఒక్కసారి ఇటు చూడండి

పంట నష్టం దరఖాస్తులో ఏడో గడి చూసినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. అంతకుముందూ పట్టేది కాదు, అది దుప్పుల వల్ల. ఇప్పుడు ఏడో గడి వల్ల. 'పంటను తింటున్న జంతువు ఫొటో, తేదీ, సమయం, స్థలం కనబడేట్టు జతచేయాలి' అని ఉంది అందులో. ఏ ఆఫీసో చెప్పను. ఉదయగిరి వైపు కొండవార పొలం ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా ఒకటే.

నేను తిన్న తర్వాతి ఫొటోలు పట్టుకెళ్ళాను. గిట్టల గుర్తులు, పెంటికలు, మోడులా మిగిలిన పెసర మొక్కలు. కుర్చీలో ఉన్నాయన అన్నీ ఓపిగ్గా చూసి, "ఇది పంట ఫొటో. జంతువేది పెద్దాయనా?" అన్నాడు.

న్యాయమే కదా. మేకలు మేసి ఉండొచ్చు. నేనే మేసి ఉండొచ్చు. పరిహారం మీద ఆశతో అరవై ఏళ్ళ రైతు అర్ధరాత్రి నాలుగు కాళ్ళ మీద వంగి, ఎకరంన్నర పెసర నమిలి, ఆనవాలుకి పెంటికలు కూడా వేసి ఉండొచ్చు. సర్కారు అన్నాక అన్నీ ఆలోచించాలి.

అందుకని మంచె ఎక్కాను. పదిహేనేళ్ళుగా ఎక్కుతున్న మంచే, కానీ ఇదివరకు తరమడానికి ఎక్కేవాణ్ణి. ఇప్పుడు పిలవడానికి. పక్క చేలో మా మామ పొద్దుగూకగానే రేకు డబ్బా అందుకుంటాడు. "మామా, ఈ పూటకి కొట్టొద్దు, ఫొటో తీసుకోవాల" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి, "వాటిని తిననిస్తావా ఏంది?" అన్నాడు. అవును మామా. తింటుండగా తీయాలి. రూలు అట్లా ఉంది.

తెల్లారుజామున నాలుగింటికి వచ్చాయి. ముందు ఒక ఆడదుప్పి. గట్టు మీద నిలబడి చెవులు తిప్పింది. వెనక ఆరో ఏడో. నేను ఫోన్ తీశాను. స్థలం పడాలంటే లొకేషన్ ఆన్ చేయాలి, కొండ చాటున నాకు సిగ్నల్ అందదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, 'వెతుకుతోంది, వెతుకుతోంది' అని. కింద మాత్రం వెతుక్కోవాల్సిన పనే లేదు. పెసర లేత చిగురు మెత్తగా, వరసగా, కరకరమని పోతోంది. ఒక మొక్క. రెండో మొక్క. చక్రం తిరుగుతోంది. కొమ్ముల పోతు ఒకటి మంచె కిందికే వచ్చి నమిలింది, ఆ చప్పుడు కూడా వినబడింది. అమ్మా, కాస్త నిదానంగా తినండి, ఉపగ్రహం ఇంకా దొరకలేదు అని లోపల్లోపల వేడుకుంటున్నాను. చివరికి స్థలం పడింది, నొక్కాను, ఫ్లాష్ వెలిగింది. ఒక్క అరుపు, అంతే, మంద మొత్తం కంచె మీదుగా ఎగిరి కొండెక్కింది.

కంచె అంటే చీరలు. మా వైపు పొలాలన్నిటి చుట్టూ పాత చీరలే. అడవిపంది కొన్నాళ్ళు జంకుతుంది, దుప్పికి అది చిన్న ఎగురుడు. మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లాం. కుక్కల అరుపులు రికార్డు చేసి మైకులో వేశాం, నాలుగో రాత్రికి వాటికి అలవాటైపోయింది.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 ప్రకారం, దుప్పి, అడవిపంది ఉన్న జాబితాలోని జంతువు నిలిచిన పంటకు ప్రమాదంగా మారితే, కారణాలు రాసి వేటకు అనుమతి ఇవ్వొచ్చు. కేరళలో 2022లో అడవిపందుల విషయంలో ఆ అధికారం పంచాయతీ అధ్యక్షుల చేతికే ఇచ్చారు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకది ఇంకా పై జాబితా, పంట తిన్నదన్న కారణంతో దాన్ని ముట్టుకోవడానికి లేదు. ఉండనీ, దాని అందం దానిది. కానీ నంద్యాల వైపు రోళ్ళపాడులో ఏమైందో గుర్తు చేసుకోండి. బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టారు, కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి, రైతులకి అభయారణ్యం అంటేనే ఒళ్ళు మండింది. అక్కడిప్పుడు బట్టమేక కనబడితే వార్త.

అన్నిటినీ కాల్చిపారేయమనే వాట్సాప్ వీరులు కూడా ఉన్నారు. 2016లో బిహార్ మొకామాలో చేల మీద పడే పెద్ద జింకలాంటి నీల్‌గాయిలను 200కు పైగా కాల్చారు, తుపాకీ పట్టుకెళ్ళింది మన హైదరాబాద్ వాళ్ళే. దేశమంతా తిట్టింది. అదే మధ్యప్రదేశ్ షాజాపూర్‌లో 2025 అక్టోబరులో హెలికాప్టర్‌తో తోలి, గరాటులాంటి పరదాల దొడ్డిలోకి చేర్చి, 800కు పైగా కృష్ణజింకలను పట్టి అడవులకు తరలించారు. మాకు హెలికాప్టర్ కూడా వద్దు. మా కొండ మీద ఎన్ని దుప్పులున్నాయో ఎవరైనా నడిచి లెక్కేస్తే చాలు. పులుల కోసం నాలుగేళ్ళకోసారి అడవి లెక్క తీస్తారు, మా చేలో మేసేవి అందులోకి రావు. లెక్కే లేకపోతే ఎన్ని ఉంచాలో, ఎన్ని తీయాలో, ఎక్కడికి తరలించాలో ఎవడు చెప్తాడు?

అధికారులూ, మీరు చెప్పరు కాబట్టి కరెంటు తీగ చెప్తోంది. మోకాలి ఎత్తున, చీకట్లో, మోటారు లైను నుంచి లాగిన బోడి తీగ. దానికి పోతు, చూడిది, కూన తేడా తెలియదు. జాబితాలు తెలియవు. మోటారు వేయడానికి పోయిన పాలేరు కాలు కూడా తెలియదు. పందికి పెట్టిన తీగ మీద మనిషి పడితే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. దుప్పి పడితే ఆ మాంసం తెల్లారేలోపు ఎవరెవరి ఇళ్ళకి చేరుతుందో ఊళ్ళో చిన్నపిల్లాడు చెప్తాడు. కేసు మాత్రం గోతాం మోసినవాడి మీద. వాడికి రోజుకూలి, తిన్నవాళ్ళకి ముక్క. ఇదా మీ సంరక్షణ? ఒక్క అనుమతి కాగితం రాయడానికి చేతులు రానివాళ్ళు, వందల తీగలకు కళ్ళు మూసుకుని కూర్చున్నారు, పైగా నన్ను ఫొటో అడుగుతారు!

అడిగారు, తీసుకెళ్ళాను. తేదీ ఉంది, సమయం ఉంది, స్థలం ఉంది. మధ్యలో మసకగా రెండు కళ్ళు. ఫ్లాష్ వెలుగంతా పడింది మాత్రం కంచె మీది చీర మీద, జరీ అంచుతో సహా. అది మా పెళ్ళిచీర అని మా ఆవిడ ఇంట్లోనే గుర్తుపట్టి రెండు రోజులు మాట్లాడలేదు.

కుర్చీలో ఉన్నాయన ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"చీర బాగుంది పెద్దాయనా," అన్నాడు, "వెంకటగిరిదా?"