సంతకాలకే సరిపోతున్న గ్రామసభ
గ్రామసభలకు జనం రావడం లేదని అధికారులు ఏటా వాపోతుంటారు. ఎందుకు రావాలి? ఏటా అక్టోబరు 2న మొదలయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తతంగం తెలియనిదెవరికి? దండోరా, ఫొటో, తీర్మానాల పుస్తకంలో సంతకాలు, ఆపై పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు ఎక్కించే కేంద్రం వెబ్‌సైట్‌ ఈ-గ్రామస్వరాజ్‌ పోర్టల్‌లో నమోదు. పనులు ఖరారయ్యాక అభిప్రాయం అడగడం తాళి కట్టాక పిల్ల నచ్చిందా అని అడగడమే.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు సిఫార్సు చేసింది. అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే. ఊరు తన అవసరం చూసుకుని వాడుకోదగ్గది మిగతా 40 శాతమే. అదీ చేతికి అందుతుందన్న భరోసా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు సర్పంచులే లేరు. ఎన్నికైన పాలకవర్గాలు లేవని కేంద్ర గ్రాంట్లు ఆగిపోయాయి. ఎన్నికలు జరపనిది ప్రభుత్వం, శిక్ష పడింది పల్లెకు.

సభకొచ్చినవాళ్లు పింఛను, రేషన్‌కార్డు తప్ప మురుగుకాల్వ మాటెత్తరని, మైకు నాలుగు పెద్ద కుటుంబాల చేతుల్లోనే ఉంటుందని కొందరి వాదన. రెండోది నిజమే. మొదటిదానికి బాధ్యులు మాత్రం జనం కాదు. 2025 జనవరిలో తెలంగాణలో గ్రామసభలు పెట్టింది దేనికి? రైతు భరోసా, రేషన్‌కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదవడానికి. పేర్లు లేనివాళ్లు నిలదీశారు, చాలాచోట్ల సభలు రసాభాసయ్యాయి. ఓటరును లబ్ధిదారుగా మార్చి, వరుసలో నిలబెట్టి, ఇప్పుడు పౌరుడిలా మాట్లాడటం లేదని నిందించడం మన రాజకీయాలకే చెల్లింది. పథకం ఇచ్చే చేతికి ప్రశ్నించే నోరు గిట్టదు. అసలు జబ్బు అదే.

మాట చెల్లుతుందని తెలిస్తే జనం వస్తారు. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్‌ తవ్వకాల వ్యవహారంలో కొండపై అక్కడి గిరిజనుల హక్కులు, ఆరాధన సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. తేడా అల్లా అధికారంలోనే ఉంది, అక్షరాస్యతలో కాదు.

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో ఉపాధి హామీ పనులపై సభలు జరిపి రికార్డుగా చెప్పుకున్నారు. సంతోషం. ఆ తీర్మానాల్లో ఏవి పనులయ్యాయో, ఏవి కాగితంపైనే మిగిలాయో ఎన్ని ఊళ్లలో తిరిగి చదివి వినిపించారు?

కాబట్టి కొత్త ప్రణాళిక రాసేముందు నిరుటి తీర్మానాల లెక్క ఒక్కొక్కటిగా సభలో చదవాలి. ఏ పని అయింది, ఏది ఆగింది, ఎవరు ఆపారు, డబ్బు ఎటు మళ్లింది. ఆ లెక్కకు సభ ఆమోదం లేకపోతే పోర్టల్‌ కొత్త ప్రణాళికను తీసుకోకూడదు. 2026-27 నుంచి 16వ ఆర్థిక సంఘం గ్రాంట్లు వర్తిస్తాయి. ఈ షరతు చేర్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కేంద్ర పంచాయతీరాజ్‌ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్‌ చాలు.