యెస్ ఆల్బమ్‌లలో ఏది గొప్పది? ముందు రికార్డు సైడ్ లెక్క చూడాలి

బ్రిటిష్ రాక్ బ్యాండ్ యెస్ అభిమానులు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క చోటికే వస్తుంది. ఈ బ్యాండ్ చేసినవాటిలో గొప్ప ఆల్బమ్ ఏది? చాలామంది ఆలోచించకుండానే ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ అంటారు. కొందరు ‘ఫ్రాజైల్’ అంటారు. బాగా లోతుకు దిగినవాళ్లు ‘రిలేయర్’ పేరు చెబుతారు. ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ మాటెత్తితే మాత్రం గొంతులు పెరుగుతాయి. యాభై ఏళ్లు దాటినా ఆ తగువు తెగలేదు.

నేనూ ఇందులో ఏళ్ల తరబడి వాదించినవాణ్ణే. కీబోర్డు మీద ఎవరున్నప్పుడు బ్యాండ్ బాగుంది, డ్రమ్మర్ మారాక ఏం పోయింది, ఆ పాటల మాటలకు అసలు అర్థముందా అనే వైపు నుంచే వాదించాను. ఇప్పుడు నాకు వేరే సంగతి ముఖ్యమనిపిస్తోంది. ఈ ఆల్బమ్‌లలో ఏది నిలబడింది, ఏది తడబడింది అన్నది చాలావరకు తేల్చింది ఎల్పీ రికార్డు సైడ్, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డుకు ఒక వైపు. దాని మీద హాయిగా పట్టేది ఇంచుమించు 20 నిమిషాల సంగీతం. ఆ చోటుకు తగ్గట్టు కుదిరిన ఆల్బమ్‌లే ఈ రోజుకీ నిండుగా వినిపిస్తున్నాయి.

బ్యాండ్ గురించి తెలియనివారికి రెండు మాటలు. 1968లో లండన్‌లో గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటారిస్టు క్రిస్ స్క్వైర్ దీన్ని మొదలుపెట్టారు. 1971లో ‘ది యెస్ ఆల్బమ్’తో గిటారిస్టు స్టీవ్ హౌ, అదే ఏడాది చివర్లో ‘ఫ్రాజైల్’తో కీబోర్డు ప్లేయర్ రిక్ వేక్‌మన్ వచ్చి చేరారు. డ్రమ్స్ మీద బిల్ బ్రూఫోర్డ్. ఈ ఐదుగురే కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్‌లు రెండంటే రెండు: ‘ఫ్రాజైల్’, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’.

ఎల్పీ మీద గాడి ఒకటే. బయటి అంచున మొదలై చుట్లు చుట్లుగా లోపలికి సాగుతుంది. నిమిషాలు పెరిగేకొద్దీ చుట్లను దగ్గరదగ్గరగా కోయాలి. అలా కోయాలంటే శబ్దం తగ్గించుకోవాలి, ముఖ్యంగా బేస్ తగ్గించుకోవాలి. స్క్వైర్ బేస్ గిటార్ ముందు వరుసలో నిలబడి మోగే బ్యాండ్‌కు ఇది చిన్న నష్టం కాదు. మన సంగీతానికీ ఈ ఇబ్బంది తెలుసు. 78 ఆర్‌పీఎం రికార్డుల కాలంలో మన విద్వాంసులు కచేరీలో తీరిగ్గా పాడే రాగాన్ని మూడు నాలుగు నిమిషాల్లోకి కుదించి పాడాల్సి వచ్చింది. రికార్డు ఎంత చోటిస్తే పాట అంతలోనే ఒదగాలి.

1972 సెప్టెంబర్‌లో వచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ ఆ చోటును వాడుకున్న తీరు చూడండి. మొదటి సైడ్ మొత్తం ఒకే పాట, 18 నిమిషాలకు పైనే. రెండో సైడ్‌లో ‘అండ్ యు అండ్ ఐ’, ‘సైబీరియన్ ఖత్రు’ అనే రెండు పాటలు. అంతే ఆల్బమ్. దీన్ని నేను మొదట విన్నది కంప్యూటర్‌లో, ఎంపీ3 ఫైళ్లుగా. పెద్ద పాట అయిపోయిన మరుక్షణమే తర్వాతిది మొదలయ్యేది. బాగుందనుకున్నాను, అంతకుమించి ఏమీ అనిపించలేదు.

చాలా ఏళ్లకు ఒక స్నేహితుడి ఇంట్లో రికార్డు మీద విన్నాను. ముల్లు పెట్టగానే నీళ్ల చప్పుడు, పిట్టల కూతలు. అవి మెల్లమెల్లగా పెరిగి, ఇక ఇంతేనేమో అనుకునేలోపు గిటార్, బేస్, డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. సగం దాకా ఆ పరుగు ఆగదు. తర్వాత అన్నీ సద్దుమణిగి, గుహలో నీటి చుక్కలు రాలుతున్నట్టున్న శబ్దాల మధ్య రెండు మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి తేలుతూ వస్తాయి. అక్కడ మోగే చర్చి ఆర్గాన్‌ను లండన్‌లోని సెయింట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో రికార్డు చేశారు. చివర్లో మొదటి పరుగు మళ్లీ వచ్చి, ఎక్కడ మొదలైందో అక్కడికే, ఆ నీళ్లూ పిట్టల దగ్గరికే చేరుతుంది. ఈ పాటకు ప్రేరణ హెర్మన్ హెస్ నవల ‘సిద్ధార్థ’. అందుకే పేరులోని ‘ఎడ్జ్’, అంటే ఈ అంచు, ఒక నది ఒడ్డు. పిట్టలు కూడా పోయాక ముల్లు చివరి గాడిలో పడి టిక్ టిక్‌మని కొట్టుకుంటోంది. రికార్డు తిప్పుదామని నేను లేవబోతే స్నేహితుడు చెయ్యి పట్టుకుని, “ఆగరా, కాసేపాగి తిప్పుదాం” అన్నాడు. ఆ కాసేపు కూడా పాటలో భాగమేనని నాకు అప్పుడు తెలిసింది. ఫోన్‌లో అది దొరకదు.

బ్రూఫోర్డ్ ఈ ఆల్బమ్ పూర్తవగానే బ్యాండ్ వదిలి కింగ్ క్రిమ్‌సన్ అనే ఇంకో రాక్ బ్యాండ్‌లో చేరిపోయాడు. శిఖరం మీదున్న బ్యాండ్‌ను అలా వదలడం చాలామందికి అర్థం కాలేదు. ఆ సైడ్ విన్న ప్రతిసారీ నాకు కొంచెం అర్థమవుతుంది.

‘ఫ్రాజైల్’ సంగతి తొందరగా చెప్పేస్తాను. ‘రౌండబౌట్’, ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’ ఉన్న రికార్డును కాదనడం ఎవరి తరం కాదు. కానీ తొమ్మిది ట్రాకుల్లో బ్యాండంతా కలిసి కట్టినవి నాలుగే. మిగతా ఐదూ ఒక్కొక్కరి సొంత ముక్కలు, బ్రూఫోర్డ్‌దైతే నిమిషం కూడా ఉండదు. గొప్ప పాటలున్న రికార్డు అది. సైడ్ మాత్రం కట్టుగా ఉండదు.

అసలు తగువు ‘టేల్స్’ దగ్గర. దీని పుట్టుకలో మనకు బాగా దగ్గరి విషయం ఉంది. 1973 మార్చిలో బ్రూఫోర్డ్ పెళ్లి విందులో ఆండర్సన్‌కు కింగ్ క్రిమ్‌సన్ వాద్యకారుడు జేమీ మ్యూర్ కలిశాడు. పరమహంస యోగానంద రాసిన ఆత్మకథ గురించి చెప్పాడు. మన ఇళ్లలో ‘ఒక యోగి ఆత్మకథ’గా కనిపించే పుస్తకమే అది. కొద్ది రోజులకు టోక్యో హోటల్ గదిలో దాన్ని చదువుతుంటే ఆండర్సన్ కళ్లు ఒక ఫుట్‌నోట్ మీద ఆగాయి. శాస్త్రాలు నాలుగు విధాలు: శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఆండర్సన్‌కు అందులో నాలుగు భాగాల ఆల్బమ్ కనిపించింది. నాలుగు శాస్త్రాలు, నాలుగు సైడ్‌లు, నాలుగు పాటలు.

ఇంగ్లిష్ శ్రోతలకు ఆ పాటల పేర్లు ఏదో మార్మికంగా తోచాయి. తెలుగువాడికి చెవిలో వెంటనే గంట మోగుతుంది. ‘ది రిమెంబరింగ్’ అంటే స్మృతి. ‘ది ఏన్షియంట్’ అంటే పురాణం. ‘రిచువల్’ తంత్రం. మొదటిది ‘ది రివీలింగ్ సైన్స్ ఆఫ్ గాడ్’, అంటే రుషులకు వినబడిన శ్రుతి. ఆ పాట మంత్రంలా ఒకే స్థాయిలో సాగే జపంతోనే మొదలవుతుంది. మనకు శ్రుతి అంటే సంగీతంలో ఆధార స్వరం కూడా. ఆ రెండో అర్థం ఆండర్సన్‌కు తెలుసో లేదో గానీ, పాట అక్కడే నిలబడుతుంది.

ఇందులోనే చిక్కూ ఉంది. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో పాట పెరిగి పెరిగి సైడ్ నిండింది. ‘టేల్స్’లో సంగీతం పుట్టకముందే సైడ్‌లు పుట్టాయి. వేక్‌మన్ ఈ మాట ఎన్నోసార్లు చెప్పాడు: చేతిలో ఉన్న సరుకు ఒక రికార్డుకు ఎక్కువ, రెండింటికి తక్కువ, అందుకే సాగదీశామని. సీడీల కాలమై ఉంటే వదిలేయాల్సింది వదిలేసేవాళ్లమన్నది ఆయన వాదన. మాంచెస్టర్ కచేరీలో ఆయన తన కీబోర్డుల మీదే కూర, అన్నం, అప్పడాలు పరుచుకుని తిన్నాడన్న కథ అందరికీ తెలిసిందే. అభిమానులు దాన్ని సరదాగా చెప్పుకుంటారు. నాకది బాధగానే ఉంటుంది. అంత చెయ్యి తిరిగిన మనిషికి తన సొంత బ్యాండ్ పాటలో చేయడానికి పని లేకపోయింది. 1974లో వెళ్లిపోయాడు.

అలాగని వేక్‌మన్ చెప్పింది పూర్తిగా ఒప్పుకోలేను. మొదటి సైడ్‌కు చోటు చాలలేదు కూడా. దానికి రెండు నిమిషాల ఉపోద్ఘాతం ఉంది. అది ఎల్పీలో లేదు, 2003లో శబ్దం మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రీమాస్టర్‌లో కలిపారు. అలలు లేస్తున్నట్టుండే ఆ రెండు నిమిషాల తర్వాత జపం వింటే పాట ముఖమే మారిపోతుంది. అంటే ఒకే ఆల్బమ్‌లో ఒక సైడ్‌ను కత్తిరించారు, ఇంకో సైడ్‌ను నింపారు. రెండో సైడ్‌లో మంచి ముక్కలున్నాయి, వాటి మధ్య నడక మాత్రం నీరసం. మూడోది పది నిమిషాలకు పైగా చెవికి పరీక్షే. చివర్లో హౌ అకూస్టిక్ గిటార్ అందుకుని, ఆండర్సన్ పాడే ‘లీవ్స్ ఆఫ్ గ్రీన్’ వచ్చేసరికి అంతసేపూ ఎందుకు కూర్చున్నామో తెలుస్తుంది. నాలుగోదానిలో స్క్వైర్ బేస్, ఆ డ్రమ్ముల హోరు, ఆ తర్వాత ప్రశాంతంగా వచ్చే ప్రేమగీతం ఈ బ్యాండ్ ఎక్కడా దాటనంత ఎత్తులో ఉంటాయి.

1974 చివర్లో వచ్చిన ‘రిలేయర్’లో వాళ్లు పాత కొలతకే తిరిగొచ్చారు. ఒక సైడ్‌కు ఒకే పాట, రెండో సైడ్‌కు రెండు. వేక్‌మన్ స్థానంలో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్యాట్రిక్ మొరాజ్, డ్రమ్స్ మీద ‘టేల్స్’ నుంచే ఉన్న అలన్ వైట్. టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’ ప్రేరణతో కట్టిన ‘ది గేట్స్ ఆఫ్ డెలీరియం’ 22 నిమిషాలకు దగ్గరగా ఉంటుంది, ఒక్క నిమిషం కూడా తీసేయడానికి లేదు. యుద్ధం అంత పొడుగున సాగి చెవులు హోరెత్తిస్తేనే చివర్లో వచ్చే ‘సూన్’ అనే భాగం అంత ఓదార్పునిస్తుంది. ‘ఫ్రాజైల్’ కన్నా దీన్ని నేను పై మెట్టు మీద పెడతాను. వేక్‌మన్ తిరిగొచ్చిన 1977 నాటి ‘గోయింగ్ ఫర్ ది వన్’లో ‘అవేకెన్’ 15 నిమిషాలకే ముగిసి కూడా నిండుగా ఉంటుంది. ఆండర్సన్ లేని 1980 ‘డ్రామా’ను చులకన చేసేవాళ్లు దాన్ని సరిగా వినలేదనే అంటాను. 1983 నాటి ‘90125’ అమెరికాలో నంబర్ వన్ పాట ఇచ్చింది, కానీ దాని కొలత రేడియో పాట కొలత, వేరే లెక్క.

కాబట్టి నా వరుస ఇది: ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, ‘రిలేయర్’, ‘ఫ్రాజైల్’. ‘టేల్స్’ను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఈ మధ్య ఒక పని చేశాను. దాని మొదటి సైడ్, నాలుగో సైడ్ మాత్రమే తీసి ఒక్క రికార్డుగా వరసగా విన్నాను. దాదాపు 40 నిమిషాలు. ‘రిలేయర్’ను కచ్చితంగా దాటుతుంది, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పక్కన తలెత్తుకుని నిలబడుతుంది. అలా చేస్తే శ్రుతి, తంత్రం మిగిలి స్మృతి, పురాణం పోతాయి, ఆండర్సన్ చూసిన నాలుగు విధాలూ ఉండవు. మూడో సైడ్ పోతే ‘లీవ్స్ ఆఫ్ గ్రీన్’ కూడా పోతుంది. ఆ గిటార్ వదులుకోవడానికి నాకు మనసు రావడం లేదు.