కర్ర లెక్కన పోతున్న బల్లలు

మా ఊళ్ళో ఇల్లు పంపకాలకు వచ్చినప్పుడు పొలం గురించి, బంగారం గురించి పెద్దమనుషులు రెండు రోజులు కూర్చున్నారు. సామాన్ల సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. వీధి సావిట్లో ఒక గుండ్రబల్ల ఉండేది. పైన తెల్ల పాలరాయి, కింద మధ్యలో ఒకటే లావుపాటి కాలు, అది నేలకు ఆనేచోట చెక్కిన మూడు పాదాలు. అన్నదమ్ముల్లో ఎవరూ అది తమకు కావాలనలేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదన్నారు, రాయి అంచు చిట్లిందన్నారు. విజయనగరం నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి రాయికి ఒక ధర, కర్రకు ఒక ధర కట్టి వ్యాన్లోకి ఎక్కించుకున్నాడు. బల్లకు మాత్రం ఎవరూ ధర కట్టలేదు. నేనూ అక్కడే ఉన్నాను. అది ఎవరు చేశారు, ఎక్కడి నుంచి వచ్చింది అని అడగాలన్న ఆలోచన నాకూ రాలేదు. వచ్చేసరికి, చెప్పగలిగిన మా నాయనమ్మ లేదు.

వేలం మనకు కొత్త కాదు. చెరువులో చేపలకు, చింతచెట్ల కాపుకు, సంత ఆశీలుకు పాట పాడిన ఊళ్ళే మనవి. ఆ పాటలో ఎంత సరుకుందో పాడేవాడి కళ్ళకు కనిపిస్తుంది. పాత బల్లలు, అద్దాలు, దీపపు స్తంభాలు, చెక్కడపు పెట్టెలు వేలానికి వచ్చే చోట లెక్క వేరు. అక్కడ సగం సరుకు కంటికి కనిపించదు. అది కాగితం మీద ఉంటుంది.

పెద్ద వేలం సంస్థలు ఒక బల్లను అమ్మేముందు ఏం చేస్తాయో చూడండి. దానికి ఒక లాట్ నంబరు ఇస్తారు. ఏ కర్ర, ఏ కాలం, ఏ ప్రాంతం, కొలతలు, ఎక్కడ మరమ్మతు జరిగింది అన్నీ కేటలాగ్‌లో రాస్తారు. ఇంత నుంచి ఇంత పలకవచ్చని అంచనా వేస్తారు. అమ్మేవాడితో మాట్లాడి, అంతకు తగ్గితే ఇవ్వమనే ధర ఒకటి లోపల పెట్టుకుంటారు, దాన్ని బయటకు చెప్పరు. సుత్తి దెబ్బ పడ్డాక కొన్నవాడు ఆ ధర మీద సంస్థకు కమిషన్ కూడా కట్టాలి. పెద్ద సంస్థల్లో అది పాతిక శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, కేటలాగ్‌లో వచ్చే ఇంకో పేరా ఒక్కటే ఒక ఎత్తు. ఆ వస్తువు ఎవరి ఇంట్లో పుట్టి ఎవరెవరి చేతులు మారి ఇక్కడికి వచ్చిందో అందులో ఉంటుంది. దాన్ని ప్రొవెనెన్స్ అంటారు. ఒకే కర్రతో, ఒకే పనితనంతో చేసిన రెండు బల్లల్లో ఒకటి వేలల్లో, ఇంకొకటి లక్షల్లో పలకడానికి చాలాసార్లు ఆ పేరాయే కారణం.

దీనికి మన ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 18వ శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం కుర్చీలు, బల్లలు, పెట్టెలు చేశారు. మొదట్లో జిట్రేగి, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగి పూలతీగల అంచులు తీర్చేవారు. తర్వాత గంధపు చెక్క మీద దంతపు రేకులు అతికి, వాటి మీద సన్నగా గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ప్రపంచంలో ఏ మ్యూజియంలో ఉన్నా ఆ పనిని ఈనాటికీ 'వైజాగపటం' పని అనే అంటారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ చనిపోయాక, 1781లో ఇంగ్లండ్‌లో ఆయన ఇంటి సామాను వేలం వేశారు. అందులో ఉన్న దంతపు కుర్చీలను మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. రాణి పోయాక 1819లో అవి మళ్ళీ వేలానికి వచ్చాయి, మళ్ళీ రాజకుటుంబానికే చేరాయి. ఇప్పుడు అవి అక్కడి రాజవంశ సేకరణలో ఉన్నాయి. కొన్నదెవరు, అమ్మిందెవరు, ఏ సంవత్సరం, అంతా రాసి ఉంది. చేసినవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు. కంసాలులు అన్న కులం మాట వరకు తెలుస్తుంది, మనిషి తెలియడు. రెండు వందల నలభై ఏళ్ళుగా ఆ కుర్చీల మీద పెట్టిన డబ్బులో, రాసిన పుస్తకాల్లో ఆ మనిషికి చోటు దొరకలేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఆనాడు వాళ్ళు రాయలేదని అనుకుందాం. ఈనాడు మనం మాత్రం రాస్తున్నామా?

1979 జూన్‌లో సొంత జిల్లా ఏర్పడేదాకా విజయనగరం ఊరు కూడా విశాఖ జిల్లాలోదే. పనివాళ్ళు, కర్ర, కొనేవాళ్ళు అందరూ ఒకే ప్రాంతం వాళ్ళు. విజయనగరం పూసపాటి వారి సంస్థానం, బొబ్బిలి సంస్థానం, చిన్నా పెద్దా జమీందారీలు, వాటిని చూసి తామూ అలాంటివి చేయించుకున్న మోతుబరి రైతులు, ప్లీడర్లు, వ్యాపారులు... వీళ్ళ ఇళ్ళల్లోకి పందిరి మంచాలు, నిలువుటద్దాలు, భోషాణాలు, పడక కుర్చీలు చేరాయి. అటు బర్మా నుంచి టేకు ఓడల మీద వచ్చింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. ఆ తర్వాత ఆదాయం తగ్గిన ఇళ్ళ నుంచి సామాను ఒక్కొక్కటిగా బయటకు నడిచింది. మిగిలినదాన్ని తుపానులు పట్టుకుపోయాయి. 2014లో హుద్‌హుద్‌కు, 2018లో తిత్లీకి పైకప్పు లేచిపోయిన పెంకుటిళ్ళ వాళ్ళు డాబా వేసుకోవాలి, అందుకు డబ్బు కావాలి. ద్వారబంధాలు, స్తంభాలు, బల్లలు అమ్ముకున్నారు. అమ్మడం తప్పని నేనెప్పుడూ అనను. వానకు తడుస్తున్న ఇంట్లో చెక్కడపు దూలం ఎవరికి కావాలి?

నా బాధల్లా అమ్మిన తీరు గురించే. కర్ర అమ్మాం, చరిత్ర ఊరికే వదిలేశాం.

పాతదైతే చాలు ధర వస్తుందన్న నమ్మకం కూడా ఒకటి మనకు నష్టం చేస్తోంది. ఇంగ్లండ్, అమెరికాల్లో ముదురురంగు కర్రతో చేసిన మామూలు పాత బల్లలు, బీరువాల ధరలు ఈ పాతికేళ్ళలో బాగా పడిపోయాయి. చిన్న ఇళ్ళు, తేలికపాటి ఫర్నిచర్ అలవాటైన తరానికి అవి అక్కర్లేదు. పేరూ ఊరూ ఉన్నవి, అరుదైనవి మాత్రమే నిలబడ్డాయి. అంటే మన ఇంట్లో బల్ల నూరేళ్ళదైనంత మాత్రాన లక్షలు రావు. కానీ అది ఫలానా ఊరి ఫలానా ఇంటిది, ఫలానా వడ్రంగి చేసింది అని రుజువు ఉంటే మాట మారుతుంది. విజయనగరంలో గురజాడ అప్పారావు గారి ఇల్లు స్మారక భవనంగా నిలిచింది. ఆయన రాసుకున్న బల్ల ఇదీ అని రుజువుతో ఒకటి ఎదురుగా పెడితే దాన్ని ఎవరైనా తూకం వేస్తారా? పక్కింట్లో అదే వడ్రంగి చేసిన బల్ల పొయ్యిలోకి పోయినా అడిగేవాడు ఉండడు.

బొబ్బిలి వీణను చూడండి. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి పనివాళ్ళకు ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) వచ్చింది. కొనేవాడికి తాను ఏం కొంటున్నాడో తెలుసు. అలాగే శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడికి కూడా గుర్తింపు ఉంది. అయినా మన ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి బిందెలు ఇంకా కిలో లెక్కనే పోతున్నాయి. కొత్తగా చేసేవాటికి పేరు దక్కింది, పాతవాటికి దక్కలేదు.

ఒక బల్ల నిజంగా పాతదో కాదో తెలుసుకోవాలంటే దాన్ని తిరగేయాలి. పైన పాలిష్ ఎవరైనా వేస్తారు, అడుగున ఎవరూ వేయరు. చేతి రంపం గీతలు తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మెషిన్ రంపమైతే విల్లులా వంగిన గీతలు వదులుతుంది. మర మేకు తల మీద గాడి సరిగ్గా మధ్యలో లేకపోతే అది చేత్తో కోసినది కావచ్చు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష గుండ్రబల్లది. కర్ర ఏళ్ళు గడిచేకొద్దీ నారకు అడ్డంగా కుంచించుకుంటుంది, పొడవునా దాదాపు కుంచించుకోదు. అందుకని నిజమైన పాత చెక్క బల్లను టేపుతో అటూ ఇటూ కొలిస్తే రెండు కొలతలూ ఒకటి కావు. పూర్తిగా గుండ్రంగా ఉంటే అనుమానించాలి. ఒక బల్ల పైచెక్క, ఇంకో బల్ల కాళ్ళు కలిపి అమ్మడం కూడా ఉంది. రెండు భాగాల కర్ర రంగు, నార, మేకుల బెజ్జాలు కలుస్తున్నాయో లేదో చూడాలి.

మరి ఇంట్లో ఉన్న అసలు వస్తువును మనం ఏం చేస్తున్నాం? టేకు బల్ల మీద ఫెవికాల్ పూసి సన్‌మైకా అతికిస్తున్నాం. ఇసుక కాగితం మెషిన్‌తో గీకించి మెలమైన్ పాలిష్ కొట్టిస్తున్నాం. నూరేళ్ళ చేతి రాపిడితో వచ్చిన మెరుపు ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. తెలిసిన కొనుగోలుదారుడు అది చూడగానే ధర సగానికి దించుతాడు. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, తడి తగలకుండా, కాళ్ళ కింద చెదలు రాకుండా చూసుకుంటే చాలు. అంతకు మించి ఏం చేయాలన్నా పాత లక్క పాలిష్ తెలిసిన వడ్రంగిని పిలవాలి. వాళ్ళు ఇంకా ఉన్నారు, పని లేక కూర్చున్నారు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, పనితనం ఉన్న వస్తువులు, కట్టడం నుంచి ఊడదీసిన భాగాలు పురావస్తువుల కిందకు వస్తాయి. వాటితో వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు, దాటిస్తే జైలు. మన పెంకుటింటి చెక్కడపు గుమ్మం ఊడదీసి అమ్మేటప్పుడు ఈ ప్రశ్న వేసే ఊరు నేను చూడలేదు. దంతం పొదిగిన పెట్టె ఉంటే ఇంకా జాగ్రత్త. మన దేశంలో వన్యప్రాణుల రక్షణ చట్టానికి 1986లో వచ్చిన సవరణతో ఇక్కడి ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో దిగుమతి చేసిన దంతం వ్యాపారం ఆగిపోయాయి. బ్రిటన్‌లో కూడా 2022 జూన్ నుంచి కొద్ది మినహాయింపులతో నిషేధం అమల్లో ఉంది. మన దగ్గర తాతల నాటిదైనా అమ్మకానికి పెట్టకూడదు.

వీటన్నిటికన్నా నన్ను కుదిపింది జిల్లాలో ఒక కార్యాలయం ఆవరణలో చూసిన వేలం. పనికిరానివని కండెమ్ చేసిన సామానంతా ఒకే కుప్పగా పోశారు. విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, పాడైన కంప్యూటర్లు, వాటి కింద పేము తెగిన టేకు కుర్చీలు, సిరా మరకలతో నల్లబడ్డ రాత బల్లలు. ఒక బల్ల సొరుగు లాగి చూశాను. మేకు లేకుండా చెక్కలో చెక్క దిగేసిన అతుకు, ఇన్నేళ్ళకూ కదల్లేదు. మొత్తానికి కలిపి ఒకే పాట. తుక్కు వ్యాపారి పాడుకుపోయాడు. ఎవరూ నిబంధన తప్పలేదు, కమిటీ వేశారు, సంతకాలు పెట్టారు. ఆ కమిటీలో కర్ర తెలిసిన మనిషి ఒక్కడు ఉంటే సరిపోయేది. పాత కర్ర సామాన్లను వేరే లాట్‌గా విడదీయాలి. ఫొటోలు, కొలతలు ముందుగా ప్రకటించాలి. మ్యూజియంకో, స్థానిక కాలేజీ చరిత్ర శాఖకో చూసుకునే గడువు ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. ఖజానాకూ నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి.

ఇళ్ళల్లో చేయాల్సింది ఇంకా తేలిక. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మేనత్త ఇంట్లో ఉయ్యాల బల్ల గురించి అడిగాను. అది పెరట్లో గాలివానకు పడిపోయిన పనస చెట్టట. చేసినాయన పొరుగూరు నుంచి ఇరవై రోజులు మా ఇంట్లోనే తిని పడుకుని చేశాడట. కూలి కింద వడ్లు కొలిచారట. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు కూడా అత్తకు గుర్తున్నాయి. ఎనభై ఆరేళ్ళ మనిషి, ఒక్క క్షణం తడుముకోలేదు. అదంతా కాగితం మీద రాసి, అత్త చేత సంతకం పెట్టించి, తేదీ వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల అడుగున అతికించాను. ఫొటో నా దగ్గర ఒకటి, బావ దగ్గర ఒకటి ఉంది. వచ్చే ఏడాది ఆ ఇల్లు పడగొడతారు. బల్ల ఎవరింటికి వెళ్తుందో ఇంకా తేలలేదు.